సైకిలు బిళ్ళ

ఏప్రిల్ వచ్చిందంటే మా వీధిలో అమ్మలందరూ ఆవకాయ జాడీలు కడిగి ఎండబెట్టుకునేవాళ్ళు. మా అమ్మ మాత్రం బియ్యం డబ్బాలో దాచిన డబ్బు తీసి లెక్కపెట్టుకునేది. ఆవకాయ పది రోజులు ఆలస్యమైనా కొంపలేం మునగవు, బిళ్ళలు ఆలస్యమైతే కొట్టు మూసుకోవాలి. మాది సైకిలు షాపు.

ఈ బిళ్ళ సంగతి ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. సైకిలుకి లైసెన్సేంటి తాతయ్యా అని నవ్వుతారు. అవును, లైసెన్సే. ఏటేటా మునిసిపాలిటీకి పన్ను కట్టాలి. కడితే రసీదుతో పాటు చిన్న ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాళ్ళు. దాన్ని హ్యాండిల్ కిందనో, ముందు చక్రం నట్టు దగ్గరో కనబడేలా బిగించుకోవాలి. బిళ్ళ మీద ఊరి పేరు పొడి అక్షరాల్లో, సంవత్సరం, ఒక నంబరు. ఒక ఏడు గుండ్రంగా, ఒక ఏడు కోడిగుడ్డు ఆకారంలో, మరో ఏడు మూడు మూలలతో వచ్చేది. దూరం నుంచి చూడగానే పాతదో కొత్తదో బంట్రోతుకి తెలిసిపోవాలని ఆ ఏర్పాటు. పోయినేటి బిళ్ళలన్నీ మా పిల్లల సొత్తు. వాటితో నేల మీద గళ్ళు గీసి ఆడుకునేవాళ్ళం. ఇత్తడివి కాబట్టి బరువుగా, గురిగా పడేవి.

పెద్దయ్యాక ఎప్పుడో చట్టం పుస్తకం తిరగేస్తే తెలిసింది, ఈ వ్యవహారం తెల్లదొరల నాటిది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో బండ్ల మీద పన్ను ఉంది. స్ప్రింగులున్న బండ్లు, అంటే మనుషులు ఎక్కి తిరిగే గుర్రబ్బండ్ల లాంటివి ఒక జాతి. సైకిలునీ ఆ జాతిలోనే కలిపేశారు. తరవాత 1965లో మన ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చింది, దాంట్లోనూ బండ్ల పన్ను అలాగే ఉండిపోయింది. నాన్నకి ఈ చట్టాలేవీ తెలియవు గానీ ఆయనకి ఎవరో ప్లీడరు గారు ఈ ముక్క చెప్పారట. ఆ రోజు నుంచి పన్ను సంగతి ఎత్తిన ప్రతివాడికీ సీటు కింద స్ప్రింగులు చూపించి, "ఇవి ఉన్నాయి కదండీ, మీది కూడా జమీందారు గారి బండే" అనేవాడు.

మా షాపు బోర్డు మీద "సైకిల్ టాక్సీ" అని ఉండేది. టాక్సీ అంటే కారు కాదు, అద్దె సైకిలు. నా చిన్నప్పుడు సొంత సైకిలున్నవాడు గొప్పవాడు. గుమాస్తాలు, కాలేజీ కుర్రాళ్ళు, పక్క పల్లెల నుంచి బస్సు దిగి కోర్టుకో తాలూకాఫీసుకో వెళ్ళేవాళ్ళు, వీళ్ళంతా గంట లెక్కన సైకిలు తీసుకునేవాళ్ళు. గంటకి పదిహేను పైసలు. రాత్రి తీసుకుని తెల్లారి తెచ్చిస్తే వేరే రేటు. తెలిసిన ముఖమైతే పేరు రాసుకుని ఇచ్చేయడమే. తెలియని వాడైతే "ఎవరి తాలూకు?" అని అడిగి, ఊళ్ళో ఎవరో ఒకరి పేరు చెప్పాకే తాళం తీసేవాడు నాన్న.

మొత్తం ఇరవై నాలుగు బండ్లు. హెర్క్యులెస్‌లు ఎక్కువ, అట్లాసులు ఐదారు, రెండు హీరోలు, ఒక ముసలి బీఎస్ఏ. ఆ బీఎస్ఏ మీద మూడు తుపాకుల గుర్తు ఉండేది. బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసే కంపెనీయే సైకిళ్ళూ చేసిందని మా షాపు మేస్త్రి చెబితే, అది తొక్కుతున్నప్పుడు నాకు నేను సిపాయిలా అనిపించేవాణ్ణి. హెర్క్యులెస్ అప్పటికే మన దగ్గర మద్రాసు పక్కన అంబత్తూరులో తయారయ్యేది, అట్లాస్ సోనీపట్‌ది, హీరో లూధియానాది. ప్రతి బండికీ వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో వరస నంబరు, చైన్ కవరు మీద షాపు పేరు. పద్నాలుగో నంబరు బండికి బ్రేకు పట్టదని ఊరంతటికీ తెలుసు. అయినా అదొక్కటే మిగిలితే దాన్నే తీసుకుపోయేవాళ్ళు.

షాపులో వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. కిరసనాయిలు, గ్రీజు, పంక్చరు సొల్యూషను, కాలిన రబ్బరు, వీటన్నిటి మీదా మేస్త్రి బీడీ పొగ. ఏడాదికోసారి బండి మొత్తం విప్పి, బాల్సు కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగించడాన్ని ఓవరాయిలింగ్ అనేవాళ్ళం. అది ఓవర్‌హాలింగ్ అని పదో తరగతిలో ఇంగ్లీషు మాస్టారు సరిదిద్దారు. ఏమైనా సరే, నూనె ఉన్న మాటే నాకు సరైనదిగా తోస్తుంది.

ఇక లెక్క. సొంత సైకిలుకి బిళ్ళ రెండు రూపాయలు. అద్దె బండికి మూడు, ఎందుకంటే దాని మీద సంపాదిస్తాం కదా అని. ఇరవై నాలుగు మూళ్ళు డెబ్బై రెండు. గంటకి పదిహేను పైసల చొప్పున అది నాలుగు వందల ఎనభై గంటల అద్దె. అదీ ఏప్రిల్లో. కాలేజీలు మూసేసి కుర్రాళ్ళు ఊళ్ళకి పోయే నెల, ఎండకి మధ్యాహ్నం పూట కుక్క కూడా రోడ్డు మీదకి రాని నెల. ఆ నెలలో సగం బండ్లు గోడకి ఆనుకుని నిద్రపోయేవి. నిద్రపోయే బండికి కూడా బిళ్ళ ఉండాల్సిందే. "ఇది రోడ్డెక్కట్లేదు కదండీ, రిపేరులో ఉంది" అంటే, "అయితే విప్పి మూట కట్టి అటక మీద పెట్టు, అప్పుడు అడగను" అనేవాడు బిల్‌కలెక్టరు. ఆ మాట పట్టుకుని ఒక ఏడు నాన్న నిజంగానే నాలుగు బండ్లు విప్పి అటకెక్కించాడు. జూన్‌లో కాలేజీలు తెరిచాక వాటిని మళ్ళీ బిగించడానికి మేస్త్రికి మూడు రోజులు పట్టింది. పన్నెండు రూపాయలు మిగిలాయి, ఆ మూడు రోజుల్లో పోయిన రిపేరు పని అంతకు రెట్టింపు. అమ్మ ఆ లెక్క నాన్నకి చాలా ఏళ్ళు చెప్పింది.

మే నెల మొదట్లో దాడులు మొదలయ్యేవి. సెంటర్లో మంచినీళ్ళ చలివేంద్రం పక్కన ఇద్దరు బంట్రోతులు, ఒక గుమాస్తా కాపు కాసేవాళ్ళు. బిళ్ళ లేని సైకిలు కనబడితే హ్యాండిల్ పట్టుకుని ఆపేయడమే. అక్కడికక్కడ డబ్బు కడితే సరి, లేకపోతే బండి ఆఫీసు ఆవరణలోకి పోయేది. పోలీసుల దాడులు వేరు. వాళ్ళు సాయంత్రం పూట లైటు లేదని, డబుల్స్ ఎక్కారని పట్టుకుని చక్రంలో గాలి తీసేసేవాళ్ళు. ఆ రోజుల్లో డైనమో ఉన్న బండి పదిలో ఒకటి. మిగతావాళ్ళు ఒక చేత్తో టార్చిలైటు పట్టుకుని ఇంకో చేత్తో హ్యాండిల్ పట్టుకునేవాళ్ళు. ఆ టార్చి వెలిగేది పోలీసు కనబడ్డప్పుడే.

అద్దె బండి పట్టుబడితే తీసుకున్నవాడు ఏం చేస్తాడు? "ఇది నాది కాదండీ, షాపువాళ్ళది" అని చెప్పి నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. వెళుతూ వెళుతూ మా కొట్టుకి వచ్చి తన పని చెడిందని నాన్న మీద అరుస్తాడు. పైగా ఆ గంట అద్దె ఇవ్వడు. బిళ్ళ కట్టలేదేమో అనుకోకండి, చాలాసార్లు కట్టిందే. సినిమాహాలు దగ్గర బండి పెట్టి లోపలికి వెళ్ళినప్పుడు ఎవడో నట్టు విప్పి బిళ్ళ ఎత్తుకుపోయి తన సైకిలుకి బిగించుకునేవాడు. రెండు రూపాయల దొంగతనం. మాట్నీకి ఒకటి, ఫస్టుషోకి ఒకటి చొప్పున పోయిన వారాలు కూడా ఉన్నాయి. అప్పుడు నాన్న రసీదు పట్టుకుని ఆఫీసుకి పోయి, అర్జీ రాయించి, బిళ్ళ పోయిందని ఒప్పుకుని, నకలు బిళ్ళకి మళ్ళీ డబ్బు కట్టాలి. అర్జీ రాసేవాడికి పావలా. గుమాస్తా లేకపోతే మర్నాడు. మర్నాడు సెలవైతే ఆ పై రోజు. "పన్ను మూడు రూపాయలే రా, పనే ముప్పై రూపాయలది" అనేవాడు నాన్న. ఆఖరికి మేస్త్రి ఒక ఉపాయం కనిపెట్టాడు. బోల్టు బిగించాక దాని కొస సుత్తితో కొట్టి చదును చేసేవాడు, ఇక విప్పలేరు. దాంతో దొంగలు ఆగారు. మరుసటి ఏప్రిల్లో ఇరవై నాలుగు బోల్టులు రంపంతో కోసి తీసింది నేనే.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

అప్పట్లో ఊరూరా సైకిలు వీరులు వచ్చేవాళ్ళు. ఏడు రోజులు, ఎనిమిది రోజులు కాలు కింద పెట్టకుండా మైదానంలో గుండ్రంగా తొక్కుతూ ఉంటారు. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం అన్నీ సైకిలు మీదే. మైకులో పాటలు, రంగు కాగితాల తోరణాలు. జనం మెచ్చుకుని రూపాయి నోట్లు చొక్కాకి పిన్నుతో గుచ్చేవాళ్ళు. ఒకసారి అలాంటి వీరుడొకడు మే నెలలో మా ఊరి మైదానానికి వచ్చాడు. సొంత సైకిలు ఇరుసు విరిగిందని మా దగ్గర తొమ్మిదో నంబరు హెర్క్యులెస్ తీసుకున్నాడు. ఆ ఏడు నాన్న సగం బండ్లకే బిళ్ళలు కట్టాడు, తొమ్మిది ఆ సగంలో లేదు.

నాలుగో రోజు సాయంత్రం బిల్‌కలెక్టరు మైదానానికి వచ్చాడు. చూడ్డానికే వచ్చాడేమో, పాపం. కానీ కన్ను బిళ్ళ ఉండాల్సిన చోటికి పోయింది. అలవాటు. ఆయన నేరుగా బరిలోకి దిగి, "ఏమయ్యా, ఆపు, బిళ్ళేదీ?" అన్నాడు. వీరుడు ఆపితే వీరుడెలా అవుతాడు? "ఆగను సార్, ఆదివారం దాకా ఆగను" అంటూ తొక్కుతూనే ఉన్నాడు. బిల్‌కలెక్టరు చేతిలో రసీదు పుస్తకంతో పక్కనే నడవడం మొదలెట్టాడు. వీరుడు కొంచెం వేగం పెంచాడు. ఈయన కొంచెం పరుగు. మైకువాడు ఊరుకుంటాడా, "మన మునిసిపాలిటీ వారు కూడా మన వీరుడితో పోటీకి దిగారు, చప్పట్లు" అన్నాడు. మూడు చుట్లు తిరిగారు. జనం ఈలలు. నాన్న జనంలోనే ఉన్నాడు, ముందుకి వెళ్ళాలా వద్దా తెలియక నా భుజం గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. నాలుగో చుట్టులో వీరుడు తన చొక్కాకి గుచ్చిన రూపాయి నోట్లు మూడు లాగి, తొక్కుతూనే ఆయన చేతిలో పెట్టాడు. ఆయన పరిగెత్తుతూనే రసీదు రాశాడు. నడిచే బండి మీద బిళ్ళ బిగించడం ఎవరి వల్లా కాలేదు కాబట్టి దాన్ని కూడా ఆ వీరుడి చొక్కాకే గుచ్చారు. నోట్ల మధ్య ఇత్తడి బిళ్ళ పతకంలా మెరిసింది. ఆదివారం బండి తిరిగి ఇచ్చేటప్పుడు నాన్న ఆ మూడు రూపాయలూ అద్దెలో తగ్గించుకున్నాడు.

నవ్వు సంగతి అయింది. ఇది రెండోది.

నేను ఏడో తరగతిలో ఉండగా, 1974లో, షాపులకి కొత్త తాఖీదు వచ్చింది. ఊళ్ళో సైకిలు దొంగతనాలు ఎక్కువయ్యాయట. ఇక నుంచి సైకిళ్ళు అమ్మే షాపులు, కొత్తవి బిగించే షాపులు, పాతవి కొనే షాపులు ప్రతి బండి ఫ్రేము నంబరు, కంపెనీ పేరు, యజమాని పేరు, తండ్రి పేరు, వీధి రిజిస్టర్లో రాయాలి. నెలాఖరుకి దాని నకలు ఆఫీసులో ఇవ్వాలి. ఓవరాయిలింగ్‌కి వచ్చిన బండి కూడా రాయాలి. రిజిస్టరు ఖర్చు షాపుదే. కార్బన్ కాగితం ఖర్చూ షాపుదే.

నాన్న చదువు తెలుగు మూడో తరగతి దగ్గర ఆగింది. ఇంగ్లీషు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. మేస్త్రికి అవీ రావు. కాబట్టి గుమాస్తా ఉద్యోగం నాకు దక్కింది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి గోడకి తగిలించి, బండ్లు తలకిందులుగా నిలబెట్టి, పెడళ్ళ ఇరుసు కింద పేరుకున్న గ్రీజూ మట్టీ కిరసనాయిలు గుడ్డతో తుడిచి నంబరు వెతకాలి. కొన్నిటికి అక్కడ ఉండదు, సీటు గొట్టం దగ్గర ఉంటుంది. నంబరు పంచ్‌లతో కొట్టి ఉంటుంది, దాని మీద పెయింటు, పెయింటు మీద తుప్పు. సున్నాకీ ఇంగ్లీషు ఓకీ తేడా తెలియదు. మూడుకీ ఎనిమిదికీ మధ్య ఒక గీతే. బల్బు దగ్గరగా పెట్టుకుని, వేలితో తడిమి రాసేవాణ్ణి. కొత్త బండ్లు బెజవాడ నుంచి విడి సామానుగా గోనెపట్టాల్లో వచ్చేవి. వాటి నంబర్లు రాయడం హాయి, కొత్త పెయింటు మీద స్పష్టంగా కనబడేవి. పాత బండ్లే ప్రాణం తీసేవి.

సైకిలు తెచ్చినవాళ్ళకీ ఇది నచ్చేది కాదు. పంక్చరుకి వచ్చినవాణ్ణి తండ్రి పేరు అడిగితే ఎవడికైనా ఒళ్ళు మండదూ? "పంక్చరుకి మా నాన్నెందుకయ్యా, ఆయన పోయి పదేళ్ళైంది" అని ఒకాయన కోప్పడ్డాడు. పంక్చరుకి రాయక్కర్లేదని తరవాత తెలిసింది, నేనే అత్యుత్సాహంతో అడిగాను. కొంతమంది ఈ గోలంతా ఎందుకని రిజిస్టరు రాయని చెట్టు కింద మేస్త్రి దగ్గరకి పోయారు. అతనికి షాపు లేదు, బోర్డు లేదు, ఒక పంపు, ఒక నీళ్ళ బేసిను, ఒక రేకు పెట్టె. తాఖీదు షాపులకే గానీ చెట్లకి కాదు కదా. ఆ ఏడు ఓవరాయిలింగ్‌లు మాకు బాగా తగ్గాయి. నాన్న ఆ చెట్టు వైపు చూసి, "బోర్డు పెట్టడమే మన తప్పు" అనేవాడు.

ఆ దసరాల ముందు మా ఎలిమెంటరీ స్కూలు మాస్టారి ర్యాలీ సైకిలు పోయింది. ర్యాలీ కంపెనీ బండి అంటే ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. ఆయన దాన్ని గుడ్డతో తుడవకుండా ఎక్కేవారు కాదు, వాన పడితే ఆయన తడిసేవారు గానీ బండిని అరుగు ఎక్కించేవారు. ఆయనే నాకు అంకెలు దిద్దించింది. నెల తిరగ్గానే పక్క ఊళ్ళో ఎవడి దగ్గరో పది సైకిళ్ళు దొరికాయి. మాస్టారు వెళ్ళి తన బండి గుర్తుపట్టారు. గుర్తుపడితే చాలదు, నంబరు కలవాలి. ఆయన కొన్నప్పటి రసీదు ఎప్పుడో చెదలు తినేసింది. రిజిస్టరు చూడండి అన్నారు. మా రిజిస్టర్లో ఆ బండి ఉంది, వేసవిలో ఓవరాయిలింగ్‌కి వచ్చినప్పుడు నేనే రాశాను. తెరిచి చూస్తే చివరి అంకె మూడు. బండి మీద ఎనిమిది.

కబురు వచ్చిన రోజు నాన్న నన్ను ఏమీ అనలేదు. రిజిస్టరు తెరిచి ఆ అంకె మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "ఇది మూడా, ఎనిమిదా?" అని నన్ను అడిగాడు. మూడే. నా మూళ్ళు చాలా గుండ్రంగా ఉంటాయి, కానీ అది మూడే. దిద్దేద్దామా అన్నాను. నకలు ఆఫీసులో ఉంది, దిద్దితే దొంగలెక్క అవుతుంది అన్నాడు.

తరవాత మూడు రోజులు కొట్టు మూసే ఉంది. మొదటి రోజు ఆఫీసులో ఎవరిని కలవాలో తెలియలేదు. రెండో రోజు తెలిసింది, ఆయన లేడు. మూడో రోజు మాస్టారు, నాన్న, మేస్త్రి, నేను బస్సెక్కి ఆ ఊరి స్టేషన్‌కి వెళ్ళాం. నన్నెందుకు తీసుకెళ్ళారో ఇప్పటికీ తెలియదు, నేను ఏడుస్తుంటే ఇంట్లో వదల్లేక అయ్యుంటుంది. స్టేషన్ వెనక వేపచెట్టు కింద సైకిళ్ళు గుట్టగా పడి ఉన్నాయి. అక్కడి ఎస్సైగారు మర్యాదస్తుడు. "రిజిస్టర్లో నంబరు వేరు, నేనెలా ఇచ్చేది మాస్టారూ? రేపు ఇంకొకడు వచ్చి అడిగితే?" అన్నారు. మాస్టారు ఏం మాట్లాడలేదు. నా వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నారు.

అప్పుడు మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఆయన పెద్దవాళ్ళ ముందు మాట్లాడే మనిషి కాదు. "అయ్యా, వెనక చక్రం టైరు విప్పి చూపిస్తాను. ట్యూబుకి మూడు అతుకులు ఉంటాయి. రెండు నల్లవి పక్కపక్కన. మూడోది వాల్‌ట్యూబుకి జానెడు దూరంలో. అది ఎర్ర ట్యూబు ముక్క, నలుచదరంగా కోశాను, ఒక మూల కాస్త తెగింది" అన్నాడు. ఎస్సైగారు నవ్వి, విప్పవయ్యా చూద్దాం అన్నారు. మేస్త్రి జేబులోంచి రెండు టైరు లీవర్లు తీశాడు. ఆ మనిషి పెళ్ళికి వెళ్ళినా అవి జేబులోనే ఉండేవి. అక్కడే నేల మీద కూర్చుని టైరు విప్పి ట్యూబు బయటికి లాగాడు. రెండు నల్లవి పక్కపక్కన. జానెడు దూరంలో ఎర్రది. ఒక మూల తెగింది.

ఎస్సైగారు ఆ అతుకు వేలితో రుద్ది చూసి, కాగితం మీద ఏదో రాసి మాస్టారి చేత సంతకం చేయించుకున్నారు. మేస్త్రి ట్యూబు మళ్ళీ లోపల పెట్టి టైరు ఎక్కించాడు. గాలి కొట్టడానికి పంపు లేదు. స్టేషన్ ఎదురుగా ఉన్న షాపుకి బండి నడిపించుకుని వెళితే అక్కడి ఓనరు డబ్బు పుచ్చుకోలేదు. "మాకూ ఇదే ఖర్మ" అని గోడకి వేలాడుతున్న వాళ్ళ రిజిస్టరు చూపించాడు. మాస్టారు ఆ ఎండలో సైకిలు మీదే ఊరికి వెళ్ళారు. మేం బస్సులో వచ్చాం.

ఆ మూడు రోజుల నష్టం ఎంతో నాన్న లెక్క వేయలేదు. అమ్మ వేసింది గానీ పైకి చెప్పలేదు. నేను ఆ తరవాత మూడు రాసేటప్పుడు పైభాగం గుండ్రంగా కాక చదునుగా, గీతలా గీయడం మొదలుపెట్టాను. బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను, ఇప్పటికీ నా మూడు అలాగే ఉంటుంది. మా మేనేజర్లు చాలామంది దాన్ని ఏడనుకుని గొడవ పడ్డారు.

ఈ పిచ్చి మనకొక్కరికే ఉండేదనుకోకండి. కెనడాలో టొరంటో నగరం 1935లో సైకిలు లైసెన్సు పెట్టి 1957లో ఎత్తేసింది. ఎత్తేసేటప్పుడు వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. పసిపిల్లలు తమకు తెలియకుండానే చట్టం తప్పినవాళ్ళవుతున్నారట, దాంతో పిల్లలకీ పోలీసులకీ మధ్య చెడుతోందట. మా ఊరి సెంటర్లో చలివేంద్రం చుట్టూ సందుల్లోంచి తప్పించుకు తిరిగిన కుర్రాళ్ళని అడిగితే ఆ ముక్క ఉచితంగా చెప్పేవాళ్ళు. స్విట్జర్లాండ్‌లో ఏటా సైకిలుకి స్టిక్కరు అంటించుకోవాల్సిన నియమం 2011 దాకా ఉంది. కాకపోతే వాళ్ళ స్టిక్కరులో ఇన్సూరెన్సు కూడా కలిసి ఉండేది, సైకిలుతో ఎవరికైనా దెబ్బ తగిలిస్తే ఖర్చు అది పెట్టుకునేది. మా బిళ్ళతో వచ్చిందల్లా ఆడుకోవడానికి ఇత్తడి.

మా ఊళ్ళో బిళ్ళలు రద్దయ్యాయని ఎవరూ చాటింపు వేయలేదు. లూనా మోపెడ్లు అప్పటికే తిరుగుతున్నాయి, 1980లో టీవీఎస్ 50 వచ్చింది, పాలవాళ్ళు, బట్టల మూటల వాళ్ళు ముందుగా అటు మళ్ళారు. అద్దె సైకిళ్ళు ఇరవై నాలుగు పన్నెండయ్యాయి, పన్నెండు ఐదయ్యాయి. రిజిస్టరు అడగడం ఎప్పుడో మానేశారు, నాన్న మాత్రం చాలా రోజులు మేకుకి వేలాడదీసే ఉంచాడు. ఒక ఏప్రిల్లో ఎవరూ రాలేదు. మే వచ్చింది, చలివేంద్రం పక్కన బంట్రోతులు లేరు. అమ్మ ఆ ఏడు ఆవకాయ అందరికంటే ముందు పెట్టింది. నాన్న బీరువాలో మూడు రూపాయల చొప్పున కట్టి పెట్టుకున్న పొట్లాలు జూన్ దాకా విప్పలేదు, వస్తారేమోనని. ఆయన పోయాక కొట్టు మా తమ్ముడు కొన్నాళ్ళు నడిపి మొబైల్ రీచార్జి షాపుగా మార్చాడు. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం రోజున, అట్లాస్ వాళ్ళు తమ చివరి పెద్ద ఫ్యాక్టరీని ఆపేశారని వార్త చూసినప్పుడు ఆ గోడకి ఆనుకుని నిద్రపోయిన ఐదారు అట్లాసులు గుర్తొచ్చాయి.

పోయినేడు మా అబ్బాయి దగ్గరకి జపాన్ వెళ్ళాను. టోక్యో శివార్లలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్. మనవరాలికి సైకిలు కొనాలని వీధి చివర చిన్న షాపుకి వెళ్ళాం. నాకంటే పెద్దాయన ఒకరే ఉన్నారు, నీలం రంగు యాప్రాన్, గోళ్ళలో గ్రీజు. సైకిలు ధర చెప్పాక ఇంకో ఐదారు వందల యెన్‌లు అదనంగా అడిగారు. అది రిజిస్ట్రేషన్ అన్నాడు మా అబ్బాయి. అక్కడ 1994 నుంచి ప్రతి సైకిలుకీ దొంగతనాల నివారణ కోసం అది తప్పనిసరట. చేసేది షాపువాళ్ళే. ఫారం నింపి, స్టిక్కరు అంటించి, వివరాలు పోలీసులకి చేరేలా చూడాలి. సైకిలు మీద వెళుతుంటే పోలీసులు ఆపి ఆ నంబరు చూసుకుంటారట, మా అబ్బాయిని రెండుసార్లు ఆపారట.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఎందుకో వాడికి అర్థం కాలేదు, చెప్పడానికి అక్కడ సమయమూ లేదు. ఆ పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుని, సైకిలు వంచి, ఫ్రేము కింద నంబరు వెతికారు. చిన్న గుడ్డతో తుడిచారు. కార్బన్ ఉన్న ఫారం మీద ఒక్కొక్క అంకే గట్టిగా నొక్కి రాస్తున్నారు. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. మా అబ్బాయి, "నాన్నా, ఏం చేస్తున్నావు, లే" అంటున్నాడు. ఫ్రేము మీద అంకెలు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ, కాగితం మీదవి చూస్తూ వెళ్ళాను. చివరి రెండు అంకెల దగ్గర ఆగాను. ఆ పెద్దాయన కూడా పెన్ను ఆపి నా వైపు చూశారు. తరవాత తనే వంగి, నా వేలి పక్కన తన వేలు పెట్టి మళ్ళీ చూసుకుని తలూపారు.

ఎనిమిదే.